గంటలమ్మాయి ఏం కోరుకుంది?

ఏడో గది తలుపు తోసింది, ఫుల్‌స్టాప్, అన్నాను, అని ఊరుకున్నాను. నూట ఇరవై మూడో పేజీ ఆఖరి వరస. నా వేలు ఆ ఫుల్‌స్టాప్ మీదే కూర్చుని కదలనని మొండికేసింది, ఇంకా పదకొండు పేజీలే ఉన్నాయి, ఆ పదకొండు పేజీల్లో ఎక్కడో గంటలమ్మాయి రెండోసారి నోరు తెరిచి ఏదో ఒకటి కోరుకుంటుంది, ఏం కోరుకుంటుందో అరగంటలో నాకు తెలిసిపోతుంది. "ఏమ్మా, ఆగావేం? చుక్కేమైనా సరిగ్గా లేవలేదా?" అంది వదిన బల్లకి అటువైపు నుంచి, అచ్చు పుస్తకం మీద స్కేలు కిందికి జరుపుకుంటూ. చుక్కలన్నీ బ్రహ్మాండంగా లేచాయి తల్లీ, లేవనిదల్లా నా వేలే, అని మనసులో అనుకుని పైకి మాత్రం "మంచినీళ్లు" అన్నాను. వదిన గ్లాసు నా చేతికి తగిలేలా పెట్టింది. మా అన్నయ్య భార్య, రెండేళ్లుగా ఈ బ్రెయిలీ ప్రెస్సులో నాకు జోడీ. మెషీను పొడిచి ఇచ్చిన చుక్కల కాగితాన్ని నేను వేళ్లతో తడుముతూ పైకి చదువుతాను, కామాలూ కొటేషన్లూ కూడా నోటితోనే చెబుతాను, ఆవిడ అచ్చు పుస్తకంలో పోల్చి చూస్తుంది, తేడా వస్తే ఆపుతుంది, ఆ వరస పక్కన నేనొక చిన్న స్టిక్కరు అంటిస్తాను. ఇంట్లో కూరలో ఉప్పు దగ్గర పడని మేమిద్దరం ఇక్కడ మాత్రం కామా దగ్గర కూడా కలిసే ఆగుతాం. పన్నెండున్నరకి ఈ ఆఖరి ఫోల్డరు మెషీనుకి వెళ్ళాలి, సాయంత్రం వ్యానులో నలభై కాపీలు హాస్టళ్లకి బయల్దేరాలి. గోడ గడియారం ఇందాకే పదకొండున్నర కొట్టింది.

నీళ్లు తాగుతున్నా నా ధ్యాస ఆ తలుపు దగ్గరే ఉంది. ఆ తలుపు నాకు కొత్త కాదు కదా. తొమ్మిదేళ్లప్పుడు దాని ముందు నిలబడ్డాను, నేనొక్కదాన్నే కాదు, మా హాస్టల్లో పిల్లలం పాతిక మందిమీ నిలబడ్డాం, తలుపు తెరుచుకోకుండానే పుస్తకం అయిపోయింది. ఏడు గదుల కొండ కథ మా హాస్టల్లో తెలియనివాళ్లు ఎవరున్నారు గనక, ఊళ్లో గంటలన్నిటి మోతా ఒక రోజు మాయమైపోతుంది, గంటలు పోతపోసేవాడి కూతురు, కళ్లు లేని పిల్ల, ఒంటిచెవి గాడిదని వెంటబెట్టుకుని మోత వెతకడానికి కొండలోకి వెళుతుంది, ఒక్కొక్క గదీ ఒక్కొక్క రకం చీకటి, దీపాలు పట్టుకెళ్లిన మగధీరులందరూ మొదటి గదిలోనే బోర్లాపడితే ఈ పిల్ల వాసన పట్టుకుని, చప్పుడు పట్టుకుని, గోడ తడి పట్టుకుని ఆరు గదులు దాటేస్తుంది. చూపున్న పిల్లలకి అది నూరు పేజీల బొమ్మల పుస్తకమట. మాకది తలగడంత లావు భాగాలు మూడు. మూడూ అన్నానా, ఉన్నవి రెండే. రెండో భాగం ఆఖరి వరసలో ఏడో గది తలుపు వెనకనుంచి కొండవ్వ, ఆ కొండలో ఉండే ముసలమ్మ, "ఒక్కటి కోరుకో పిల్లా, ఒక్కటే" అంటుంది, అంతే, కాగితం అయిపోతుంది, అట్ట చేతికి తగులుతుంది. మధ్యాహ్నం పడుకోమన్న గంటలో దుప్పటి కింద ఆ పేజీ తడిమి తడిమి "ఒక్కటే" అన్న మాట దగ్గర చుక్కలు అరగదీసిన పాపం నాదే. మూడో భాగం ఏదని అడిగితే టీచరమ్మ తొణక్కుండా "ఎలకలు కొట్టేశాయి" అనేది. ఆ హాస్టల్లో ఎలకలు సబ్బులు తినేవి, కొవ్వొత్తులు తినేవి, నా చెప్పు ఒకటి తినేశాయి, పుస్తకం మాత్రం తినవా ఏంటి అని నమ్మేశాం.

నమ్మి ఊరుకున్నామా, లేదు. శనివారం మధ్యాహ్నం లైబ్రరీ గదిలో టీచరమ్మ కుర్చీ చుట్టూ నేలమీద కూర్చోబెట్టి, ఆవిడా మాలాగే చూపు లేనిదే, "ఊఁ, చెప్పండర్రా, ఈ వారం గంటలమ్మాయి ఏం కోరుకుంది?" అని మొదలుపెట్టేది, ఇంక చూసుకోండి మా గోల. పొట్టిది గాడిదకి రెండో చెవి కోరుకుందని వారం వారం అదే చెప్పేది, దాని జాలి దానిది. బొద్దుపిల్ల అయితే తిండి తప్ప ఇంకో కోరిక ఊహించలేకపోయేది, "అంత దూరం నడిచింది టీచర్, ఆకలెయ్యదా?" అనేది, అందరం పడీపడీ నవ్వేవాళ్లం. నేను మాత్రం పోయిన వారం చెప్పింది ఈ వారం చెప్పేదాన్ని కాదు, నాలుగేళ్లలో ఎన్ని కోరికలు కోరించానో ఆ పిల్ల చేత, ఒకసారి వానని, ఒకసారి చచ్చిపోయిన వాళ్ళమ్మ గొంతుని, ఒకసారి ఎనిమిదో గదిని, ఎందుకే ఎనిమిదోది అంటే కథ అయిపోకుండా ఉండటానికి టీచర్ అన్నాను, టీచరమ్మ నా తలమీద ఒక్క మొట్టికాయ మొట్టి "గట్టిదానివే" అంది. ఆ మొట్టికాయ ఇప్పటికీ నాకు తియ్యగా ఉంటుంది. ఎవ్వరం, పాతికమందిలో ఒక్కరంటే ఒక్కరం, కళ్లు కోరుకుందని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ సోమవారం దాకా నేను ఆలోచించనే లేదు.

"తాగడం అయితే గ్లాసిలా ఇవ్వు, దానికేం చుక్కలుండవు" అంది వదిన, నేను గ్లాసు అంచు తడుముతూ కూర్చున్నానన్నమాట. తలుపు దగ్గర మెషీను బాబాయి దగ్గాడు, ఆయన ఒకసారి దగ్గితే పని అయిందా అని అర్థం, రెండుసార్లు దగ్గితే ఇంకా కాలేదా అని. "పదకొండు పేజీలు బాబాయ్, ఇట్టే అయిపోతాయి" అన్నాను. కాగితం తిప్పాను. నూట ఇరవై నాలుగు. లోపల చలి, కామా, తడి రాతి వాసన, కామా, ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్న చప్పుడు, ఫుల్‌స్టాప్. ఈ వాసన నాకు తెలుసు, ఈ రాయి నాకు తెలుసు, ఈ రచయిత్రి ఎవరో గానీ, పాత కథ రాసినాయన పోయి ఎన్నాళ్లో అయ్యాక ఆయన కొండకి తాళంచెవి ఎక్కడ సంపాదించిందో గానీ, లోపల వాసన మాత్రం మార్చలేదు, బంగారు తల్లి. అదే మనిషి సోమవారం నా నెత్తిన పిడుగు వేసింది.

సోమవారం మొదటి ఫోల్డరు ముట్టుకున్నప్పుడు ఎంత సంబరం నాకు, కొత్త పుస్తకం, గంటలమ్మాయి మళ్ళీ, ముప్పై ఏళ్ల తర్వాత, నలభై దాటిన ఆడమనిషిగా! మొదటి పేజీలోనే కొలిమి, కంచు కరుగుతోంది, ఆవిడ మూస పక్కన నిలబడి దాన్ని చూసి ఇంకా ఎర్రబడలేదు అంటుంది. చూసి అన్న మాట నాకేం అడ్డం రాలేదు, మేమూ సినిమా చూశామనే అంటాం, నిన్న మిమ్మల్ని సంతలో చూశామనే అంటాం, ఎరుపు దగ్గర కూడా వేడి చెంపకి తగిలి చెప్పిందేమో అనుకుని పోయాను, నా వేళ్లు అంత ప్రేమతో వెనకేసుకొచ్చాయి ఆవిడని. రెండో పేజీలో అద్దం వచ్చింది. అద్దంలో తన నెరిసిన జుట్టు లెక్కపెట్టుకుంటోంది. నేను వెంటనే చెయ్యెత్తి "తప్పు" అన్నాను. "ఎక్కడ?" అంది వదిన. "అద్దం. అది ఇంకేదో మాట అయ్యుంటుంది, చూడు." ఆవిడ చూసింది. "అద్దమే అమ్మా." "కాదు, మళ్ళీ చూడు, సరిగ్గా చూడు." నా చేతిలో అప్పటికే స్టిక్కరు ఉంది, అంటించడానికి సిద్ధంగా, పదమూడేళ్ల ఉద్యోగంలో ఒక తప్పు ఉండి తీరాలని నేనంతగా కోరుకున్నది ఎప్పుడూ లేదు. వదిన గొంతు తగ్గించి కింది వరస తనే చదివింది, ముప్పై ఏళ్ల కిందట కొండవ్వని అడిగి తెచ్చుకున్న కళ్లు ఆ అద్దంలోంచి తనవైపే చూస్తున్నాయి. అప్పుడు తెలిసింది నాకు మూడో భాగంలో ఏముందో.

లేచి కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాను, వచ్చి సాయంత్రం దాకా పని మాటలు తప్ప వదినతో మాట్లాడలేదు, ఏదో ఆవిడే రాసినట్టు. ఇంటికెళ్లేటప్పుడు బస్సులో ఆవిడే కదిపింది, "నీకు ఉండదా ఏంటి ఆ కోరిక? నిజం చెప్పు" అని, చుట్టూ జనం, నేను కిటికీ వైపు తిరిగిపోయాను. ఉండదని ఎవరన్నారు? మా అన్నయ్య కూతురు నవ్వితే బుగ్గన సొట్ట పడుతుందంటే దాన్నొక్కసారి చూడాలని నాకుండదా? ఉంటుంది, అయిదు నిమిషాలు ఉంటుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది, అది నా గొడవ. కానీ ఆ పిల్ల నాతోపాటు ఆరు గదులు నడిచింది, గోడ తడి పట్టుకుని, నాలాగే ఎడంచేత్తో వరస వెతుక్కుంటూ కుడిచేత్తో చదువుకుంటూ, అలాంటిది సరిగ్గా చివరి స్టాపులో తను దిగిపోయి, నన్ను మాత్రం బస్సులోనే వదిలేసి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయినట్టనిపించింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రాసినాయన మీద మండింది, ఆరు గదులు దాటించిన వేళ్లనీ చెవులనీ ముక్కునీ మూటగట్టి గుమ్మం బయట పెట్టించి ఇదిగో నీకు బహుమానం అన్నాడే, ఆ బహుమానం మీద మండింది.

అయినా మంగళవారం పొద్దున అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది నేనే. ఏం చెయ్యను, ఈ ముప్పై ఏళ్లలో కొత్తగా పోసిన గంటలు కూడా మూగబోయాయి, ఆవిడ మళ్ళీ కొండకి బయల్దేరింది, తోడు ఆ ఒంటిచెవి గాడిద మనవడట, వాడికి రెండు చెవులున్నాయి గానీ ఒక్క మాటా వినడు, అక్కడ నేనూ వదినా ఎంత నవ్వామంటే పక్క గదిలోంచి మేనేజరు గారు వచ్చి తలుపు కొట్టారు. దీపం పట్టుకుని వెళ్ళింది మహాతల్లి! మొదటి గదిలోనే దీపం ఆరిపోయింది, ఆవిడకి కాళ్లూచేతులూ ఆడలేదు, నేను నా కుర్చీలోంచి "ఎడంపక్క గోడ తడి చూసుకో" అని అరిచాను, నిజంగానే పైకి అరిచాను, వదిన "అది పుస్తకంలో లేదు" అంది. మూడో గదిలో పడింది, నాలుగో గదిలో దారి తప్పి గాడిదని తిట్టింది, అయిదో గదికి ముక్కు మళ్ళీ పని మొదలుపెట్టింది, ఆరో గదికి అరికాలు, నిన్న సాయంత్రానికల్లా ఆవిడ నడక నా నడకయింది, నాకు కోపం ఎక్కడ పోయిందో తెలియదు. దాని బదులు భయం పట్టుకుంది. ఇంత దూరం తీసుకొచ్చి ఈ రచయిత్రి ఏం చేస్తుంది? కొండవ్వ మళ్ళీ కోరుకో అంటే ఈవిడ నా కళ్లు తిరిగి తీసేసుకో అవ్వా అంటుందా, చీకటే గొప్పదని, లోపలి వెలుగని, అదని, ఇదని, చూపున్నవాళ్లు మా భుజం తట్టి చెప్పే ఆ కబురు ఉందే, అది గనక చెప్పిందో, ఈ పదకొండు పేజీలూ పరపరా చింపి కుళాయి కింద పెడతాను, ఉద్యోగం పోతే పోనీ. అలాగని కళ్లతో హాయిగా ఇంటికి పంపినా ఊరుకోను. మరి ఏం కోరుకోవాలే, నువ్వే చెప్పు, అని నిన్న నిద్ర మానుకుని నన్ను నేనే అడిగాను, పాతిక కోరికలు చెప్పిన నోటికి ఒక్కటీ తట్టలేదు.

నూట ఇరవై ఏడు. కొటేషన్ మొదలు, మళ్ళీ వచ్చావా పిల్లా, ప్రశ్నార్థకం, కొటేషన్ పూర్తి. నలభై దాటినదాన్ని పిల్లా అంటోంది, కొండవ్వకి ఎవరైనా పిల్లే. కళ్లు మూసుకోనక్కర్లేదు, కామా, ఇక్కడ తెరిచినా అంతే, ఫుల్‌స్టాప్. నా వేళ్లు పరుగెడుతున్నాయి, కుడిచెయ్యి వరస పూర్తిచెయ్యకముందే ఎడంచెయ్యి కింది వరస మొదలు పట్టుకుని రా రా అంటోంది, అయినా వదినకంటే నేను వెనకే, అదే నాకు ఒళ్లు మంట, అచ్చు చదివేవాళ్లకి పేజీ మొత్తం ఒక్కసారే కనిపిస్తుందట, ఎంత అన్యాయం, నేను అక్షరం తర్వాత అక్షరం తడుముకుంటూ వస్తుంటే ఆవిడ రెండు వాక్యాలు ముందుకెళ్లి అక్కడ ఊపిరి బిగపడుతుంది, ఆ ఊపిరి విని నాకు తెలిసిపోతుంది ముందేదో ఉందని. ఇప్పుడూ బిగపట్టింది. కుర్చీ కిర్రుమంది. "వదినా, ముందుకి చూడకు" అన్నాను. "చూడలేదు." "చూశావు, నీ ముక్కు చెప్పింది." "అబ్బా, చదువమ్మా తల్లీ, నా ప్రాణం తియ్యకు" అంది, ఆ గొంతులో నవ్వుందో ఏడుపుందో తేల్చుకోలేకపోయాను, వేలు కిందికి వేశాను.

కొండవ్వ ఒక్కటి కోరుకోమంది. గంటలమ్మాయి వెంటనే మాట్లాడలేదు. చెవి నేలకి ఆనించింది, ముప్పై ఏళ్లుగా చెయ్యని పని. రాతి కింద సన్నగా ఏదో మూలుగు, తేనెటీగల గూడులా, దూరంగా కాదు, ఇక్కడే, అవ్వ కూర్చున్న చోటే. అవ్వా, నేను మొదటిసారి వచ్చినప్పుడు కూడా నువ్వు ఇలాగే కూర్చుని ఉన్నావు. అవునే. నాకంటే ముందు ఎవరెవరో కొండలోకి వచ్చినప్పుడూ కూర్చునే ఉన్నావా? కూర్చునే ఉన్నాను. నాకు కళ్లిచ్చి పంపేశావు, లేవకుండానే. అడిగావు, ఇచ్చాను. అయితే ఇప్పుడు అడుగుతున్నాను విను, నాకేం వద్దు, నువ్వు ఒక్కసారి లేచి నిలబడు. లేచి నిలబడు! నా నోటివెంట ఆ మాట వచ్చింది, నా వేలు ఇంకా ఆ మాట మీదే ఉంది, లేచి నిలబడు, లేచి నిలబడు, ఓరి నాయనో, పాతికమంది పిల్లలం నాలుగేళ్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నాం కదా, ఒక్కరికి తట్టలేదే, అవ్వ దేనిమీద కూర్చుందని ఒక్కరూ అడగలేదే! నా అరచేతులు చెమటపట్టాయి, కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. కొండవ్వ నన్నెవరూ ఇది అడగలేదంది. సిగ్గుపడింది, అవ్వ సిగ్గుపడింది! చెయ్యి చాపింది, గంటలమ్మాయి పట్టుకుంది, మోకాళ్లు పటపటమన్నాయి, నడుం సగంలో ఆగింది, మళ్ళీ లేచింది, ఇంకా లేచింది, నిలబడింది, అంతే, కొండ అడుగునుంచి ఒక్కసారిగా, ఊళ్లో గంటలన్నీ, బడి గంట, మందలో ఆవు మెడగంట, సైకిలు గంట, ముప్పై ఏళ్ల కింద పోయినవీ నిన్న పోయినవీ అన్నీ ఒక్కసారిగా.

నాకు నవ్వొచ్చేసింది, పగలబడి నవ్వాను, కళ్లలో నీళ్లు, ఎందుకంటే అవ్వ కాదు, నాకు టీచరమ్మ కనిపించింది, కుర్చీలో. ఆవిడ కూడా లేచేది కాదు! శనివారం కథ అయిపోయాక మేమందరం లేచి, చాపలు చుట్టి, వరసలో బయటికి వెళ్ళేదాకా ఆవిడ ఆ కుర్చీలో కదలకుండా కూర్చునేది. ఒకసారి ఆవిడ జ్వరంతో రాలేదు, ఆ కుర్చీ జరపమని నన్ను పంపారు, మెత్త కింద నా చేతికి ఏదో గట్టిగా తగిలింది, నలుపలకలుగా, లావుగా, అంచుల్లో కుట్టుదారం. మర్నాడు అడిగితే "పొట్టిదాన్ని కదే, ఎత్తు కోసం పీట పెట్టుకున్నా" అంది. పీటకి కుట్టుదారం ఏంటని పదేళ్ల బుర్రకి తట్టలేదు, పదమూడేళ్లుగా ఈ కుట్లమధ్యే బతుకుతున్న బుర్రకి కూడా ఈ నిమిషం దాకా తట్టలేదు. మూడో భాగాన్ని కొట్టేసింది ఎలకలట, ఎలకలు! "దానిమీద కూర్చుంది వదినా, ఆవిడ దానిమీదే కూర్చుంది!" అని బల్ల గుద్దాను. "అవునమ్మా, కూర్చుంది, ఇప్పుడు లేచింది కదా" అంది వదిన ముక్కు చీదుకుంటూ, ఆవిడ ఇంకా కొండలోనే ఉంది. మెషీను బాబాయి రెండుసార్లు దగ్గాడు. అప్పుడు గుర్తొచ్చింది, కామాలు చెప్పానా నేను? "వదినా, నూట ఇరవై ఎనిమిది నుంచి నేను ఫుల్‌స్టాపులు చెప్పానా?" "నేను స్కేలు జరిపానో లేదో నాకే తెలీదు" అంది. ఏడు పేజీలు. జీతం తీసుకునేది తప్పులు పట్టుకోవడానికి, ఏడు పేజీలు ఇద్దరమూ ఒక్క తప్పు కూడా వెతకలేదు. ఆ ఏడు పేజీలూ మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి ఉప్పూకారం లేకుండా, కామా కామాగా, పన్నెండూ ఇరవైకి పూర్తిచేశాం, నూట ముప్పైలో, సరిగ్గా అవ్వ నిలబడిన వరసలో, ఒక చుక్క లేవలేదు, రెండు అక్షరాలు కలిసిపోయాయి, స్టిక్కరు అంటించి బాబాయి చేతిలో పెట్టాను. వరండాలోకి వచ్చి ఫోను తీశాను.

టీచరమ్మ రిటైరై తమ్ముడి కూతురి దగ్గర ఉంటోంది. ఏడాదికోసారి చేస్తాను, బాగున్నారా బాగున్నానే, అంతే. ఇవాళ నా వేళ్లు నంబరు రెండుసార్లు తప్పు నొక్కాయి. "ఎవరే?" గొంతు సన్నబడింది గానీ అధికారం తగ్గలేదు. గంటలమ్మాయి రెండో కథ వచ్చింది టీచర్, ఇప్పుడే చదివి లేచాను అన్నాను. "అయితే మొదటిసారి ఏం కోరుకుందో తెలిసిపోయి ఉంటుంది నీకు" అంది. తెలిసింది టీచర్. "మరి ఈసారి ఏం కోరుకుందే?" నాకేం వద్దు, నువ్వు ఒక్కసారి లేచి నిలబడు అంది టీచర్, అవ్వతో. అటు ఒక చిన్న నవ్వు, ముక్కులోంచి. "లేచిందా?" "లేచింది." "కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయే ముసలిదానికి."

"మీరెన్నాళ్లు కూర్చున్నారు టీచర్?" అన్నాను. "పారేయచ్చు కదా, అంత కష్టం దేనికి?" "చుక్కలున్న కాగితాన్ని ఎలా పారేస్తానే? చేతులెలా వస్తాయి?" అని కసిరి, కాస్త ఆగి, నెమ్మదిగా చెప్పింది. నేనూ ఆ హాస్టల్లోనే పెరిగానని మీకు చెప్పలేదు. నాకు ఏడేళ్లప్పుడు మా పెద్ద టీచరు మూడు భాగాలూ చదివి వినిపించింది. కళ్లు కోరుకుంది, వచ్చేశాయి, కథ అయిపోయింది. మర్నాటి నుంచి నేను పలక ముట్టుకోలేదే. కళ్లొస్తాయి కదా టీచర్, ఇంక ఈ చుక్కలు దేనికి అన్నాను. కొట్టారు, బతిమాలారు, ఊఁహూఁ. మూడేళ్లు గేటు పక్క అరుగుమీద కూర్చున్నాను అవ్వ వస్తుందని. ముసలి గొంతు వినపడితే చాలు, వెళ్లి చెయ్యి పట్టుకునేదాన్ని. కూరలమ్మే ముసలమ్మ చెయ్యి పట్టుకుని, నాకిచ్చెయ్యి అవ్వా అన్నాను ఒకసారి. ఆవిడకేం తెలుసు పాపం, నా చేతిలో ఒక క్యారెట్టు పెట్టింది. "మీలో ఒక్కళ్లు కూడా ఆ అరుగుమీద కూర్చోకూడదనుకున్నాను, అంతేనే. అందుకని నేను కూర్చున్నాను."

పాతికమందిమీ ఆ శనివారాలన్నీ ఎందుకంత గొప్ప కోరికలు కోరామో, మాకెందుకు అన్ని కోరికలు దొరికాయో, ఇప్పుడు అర్థమైంది, వదిన ఎప్పుడొచ్చి నిలబడిందో నా మోచెయ్యి పట్టుకుంది. "ఏయ్, ఉన్నావా?" అంది టీచరమ్మ. "ఈ కొత్త పుస్తకం పిల్లలకి వెళుతోందా?" సాయంత్రం వ్యానులో వెళుతోంది టీచర్, అన్నాను, దాంట్లో ఉంది టీచర్, కళ్లు కోరుకున్న సంగతి రెండో పేజీలోనే ఉంది. అటు ఊపిరి చప్పుడు. "సరే, వెళ్ళనీ. అవ్వ లేచిందంటున్నావుగా." తర్వాత, "పిల్లలకి మరి మధ్యలోది, ఆ మూడో భాగం, లేకుండా ఎలా? అది కూడా ఉండాలి కదే."

"అదెక్కడుంది టీచర్ ఇప్పుడు?"

"ఎక్కడుంటుంది, నా కిందే ఉంది" అంది. "ఉండు."

ఫోను ఎక్కడో గట్టిగా పెట్టిన చప్పుడు, కుర్చీ కాళ్లు నేలమీద గీసుకున్న చప్పుడు, లోపలి గదిలోంచి ఎవరో "అత్తా, ఒక్కదానివే లేవకు, పడతావు, నేనొస్తున్నా" అని పరుగెత్తి వస్తున్నారు, "రావక్కర్లేదు, నేను లేవగలను" అని కసురుతోంది, ఆయాసం, మళ్ళీ ఆయాసం, నేను ఫోను చెవికి అదిమిపెట్టుకుని వదిన చెయ్యి నలిపేస్తున్నాను. చాలాసేపటికి దూరంనుంచి ఆవిడ గొంతు వచ్చింది.

"ఆఁ, లేచాను. రా, వచ్చి పట్టుకెళ్ళు."